‘శుభ్రంగా రండి’: గైనిక్ పరీక్ష సలహాల్లో దాగిన కులం

ఆడపిల్లలు గైనిక్ డాక్టరు దగ్గరకు మొదటిసారి వెళ్లేముందు ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అని చెప్పే రాతలు తెలుగులో ఎంతో కాలంగా వస్తున్నాయి. దినపత్రికల మహిళా పేజీలు, వారపత్రికల డాక్టరు శీర్షికలు, కాలేజీలో వైద్యశిబిరం పెట్టిన రోజున పంచే కరపత్రాలు, ఓ.పి. గది గోడకు అతికించిన కాగితాలు – అన్నీ కలిపి చూస్తే ఇదొక సాహిత్యమే. మన విమర్శకులు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. కథల్లో, కవితల్లో కులం ఎక్కడ దాక్కుందో వెతికి పట్టుకునే మనం, మన ఒంటిమీద చెయ్యి వెయ్యబోయే ముందు మన చేతిలో పెట్టే కాగితాన్ని మాత్రం సైన్సు అనుకుని వదిలేశాం. ఆ కాగితాన్ని చదవడమే ఈ వ్యాసం పని.

దాని అచ్చు దాదాపు ఒకటే. మొదటి మాట శుభ్రత. స్నానం చేసి రండి, ఉతికిన లోదుస్తులు వేసుకుని రండి, ‘ఆ భాగాన్ని’ శుభ్రం చేసుకుని రండి, వెంట్రుకలు తీసేసుకుని రండి. కొన్ని రాతలు ఇంకో అడుగు ముందుకేసి సబ్బు, డెట్టాల్ నీళ్ల సంగతి కూడా చెబుతాయి. ఆ తరవాత నెలసరి తేదీ గుర్తుపెట్టుకోమంటాయి. తరవాత అమ్మనో వదిననో తోడు తెచ్చుకోమంటాయి. చివర్లో, సిగ్గుపడకండి, డాక్టరు దేవుడితో సమానం అని ముగిస్తాయి. డాక్టరును మనం ఏం అడగాలి, ఏం అడిగితే డాక్టరు జవాబు చెప్పి తీరాలి, వద్దనిపిస్తే వద్దని ఎట్లా అనాలి – ఈ ముక్క ఎక్కడో గాని కనపడదు. అంటే ఈ సాహిత్యం దృష్టిలో పరీక్షకు సిద్ధం కావలసింది మనిషి కాదు, మనిషి ఒళ్లు. అదీ ఎవరికో అసహ్యం కలగకుండా.

వైద్యశాస్త్రం ఏమంటున్నది? లోపలి పరీక్షకు వెంట్రుకలు తియ్యనక్కర్లేదు. తీస్తే చర్మం గీరుకుపోయి, కురుపులు లేచి, చీము పట్టే అవకాశమే ఎక్కువ. యోని తనను తాను శుభ్రం చేసుకునే అవయవం. అందులో ఉండే లాక్టోబాసిల్లై అనే సూక్ష్మజీవులు అక్కడ ఒక రకమైన పులుపును నిలబెట్టి, చెడ్డ క్రిముల్ని అడ్డుకుంటాయి. సబ్బునీళ్లూ డెట్టాల్ నీళ్లూ లోపలికి పోసుకుంటే ఆ కాపలా పోతుంది. పాప్ స్మియర్ తీసే మాటైతే, రెండు రోజుల ముందు నుంచీ లోపల కడుక్కోవద్దు, క్రీములు మాత్రలు పెట్టుకోవద్దు, సంభోగం వద్దు అనేది ప్రపంచమంతటా చెప్పే జాగ్రత్త. పరీక్షకు కావలసిన కణాలే కడుక్కుపోతాయి కాబట్టి. తెల్లబట్ట అవుతున్నదని వెళ్లిన మనిషికి ఆ తెల్లబట్టే సాక్ష్యం. దాని రంగు, వాసన, చిక్కదనం చూసే డాక్టరు జబ్బును పోల్చుకుంటారు. సాక్ష్యాన్ని కడిగేసుకుని రమ్మనడం ఏ శాస్త్రం? రోజూ మామూలు నీళ్లతో చేసే స్నానం చాలు. పని నుంచి నేరుగా వస్తే అదీ అక్కర్లేదు.

మరి శాస్త్రానికి అక్కర్లేని ఈ శుభ్రత ఎవరికి కావాలి?

శుభ్రత అనే మాట మన చెవికి ఒకలాగా, మన పక్క బెంచీలో కూచునే అమ్మాయి చెవికి ఇంకోలాగా వినపడుతుంది. ఆమెకది అలవాటు, మనకది నేరారోపణ. మడి, మైల, అంటు అనే మాటలతో వందల ఏళ్లపాటు మనల్ని చెరువుకీ నూతికీ దూరం పెట్టినవాళ్లే, నీళ్లు లేని మనల్ని చూసి శుభ్రత లేదన్నారు. 1927లో మహాడ్ చెరువు నీళ్లు తాగడానికి బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందిని నడిపించవలసి వచ్చిందంటే, శుభ్రత అనేది సబ్బుల సంగతి కాదు, నీళ్లమీద హక్కు సంగతి. విశాఖలో ఈ లెక్క ఇంకా స్పష్టంగా కనపడుతుంది. కొండవాలు పేటల్లో వీధి కుళాయి దగ్గర బిందెలు వరస పెట్టే ఇంట్లో, ఇరవైమందికి ఒక బాత్రూం ఉండే హాస్టల్లో, నిర్మాణం పనిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒంటికి పోవడానికి చాటు లేక నీళ్లు తాగడమే మానేసిన కూలీ ఆడమనిషి బతుకులో, ‘శుభ్రం చేసుకుని రండి’ అన్న ఒక్క ముక్క ఎంత దూరం తోసేస్తుందో రాసినవాళ్లకు తెలీదు. నీళ్లు తాగక ఒంటేలు ఆపుకోవడంవల్లనే మూత్రంలో మంట పట్టుకుంటుంది. ఆ మంటతోనే ఆస్పత్రికి రావాలి. వచ్చేముందు శుభ్రపడాలి. ఇంతకంటే విడ్డూరం ఏముంది?

ఇంకో విడ్డూరం కూడా ఉంది. ఈ నగరం రోడ్లు ఊడ్చేదీ, ఆస్పత్రి వార్డులు తుడిచేదీ, ప్రసూతి గదిలో నెత్తురు గుడ్డలు ఎత్తేదీ ఎక్కువగా రెల్లి, మాల, మాదిగ ఆడవాళ్లే. పరీక్ష బల్లను శుభ్రం చేసే చెయ్యి శుభ్రమైనదే, ఆ చెయ్యి గల మనిషి అదే బల్లమీద పడుకోబోతే మాత్రం శుభ్రత ప్రశ్న వస్తుంది.

మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో మా గదిలో ఒకమ్మాయి తెల్లబట్ట, దురదతో మూడు నెలలు బాధపడింది. ఆస్పత్రికి పోదాం రమ్మంటే ‘ఇలాగెలా వస్తాను, వాళ్లేటనుకుంటారు’ అనేది. తగ్గాక పోదామనుకున్నది! చివరకు ఒక ఆస్పత్రికి (పేరు అనవసరం) తీసుకెళ్తే, నర్సు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ‘చదువుకుంటన్నారు, ఒళ్లు కడుక్కోడం తెలీదేటి’ అన్నది. అది కాండిడా అనే బూజు జాతి జబ్బు. కడుక్కోకపోతే వచ్చేది కాదు, అతిగా కడిగినా ఎక్కువయ్యేదే. ఆ పిల్ల డెట్టాల్ నీళ్లతో మూడు నెలలూ కడుగుతూనే ఉన్నది. ఆ సలహా ఆమెకు అందింది ఒక వారపత్రిక నుంచే.

ఇక రెండో మాట: చాటు. సిగ్గుపడకండి అని ఈ రాతలు చెబుతున్నాయి గదా, సిగ్గు దాచుకునే చాటు ఎవరికిచ్చారు అనేది చరిత్రను అడగాలి. విశాఖ పాత ఊళ్లో ప్రభుత్వ విక్టోరియా ఆస్పత్రి ఉంది. ఆ పేరుతో అడిగితే రిక్షా అతను కూడా తల గోక్కుంటాడు. ‘ఘోషాసుపత్రి’ అంటే దింపుతాడు. తెలుగులో ఘోష అంటే రోదన, హోరు. పురుళ్ల ఆస్పత్రికి సరిపోయిన పేరే అనుకుంటాం. కాని ఇది ఆ ఘోష కాదు, పార్శీ ‘గోషా’. మూల అని దాని అర్థం. పరదా చాటున మూల కూచునే ఆడవాళ్లు గోషా స్త్రీలు. ఆ చాటు చెడకుండా వైద్యం చేసేది గోషా ఆస్పత్రి.

మన జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, 1885లో, మేరీ షార్లీబ్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ పూనికతో మద్రాసులో ఒక ఆడవాళ్ల ఆస్పత్రి మొదలైంది. ఇప్పుడది కస్తూర్బా గాంధీ ఆస్పత్రి. అప్పటి పేరు ‘విక్టోరియా హాస్పిటల్ ఫర్ క్యాస్ట్ అండ్ గోషా ఉమెన్’. కులం గల ఆడవాళ్లకూ, గోషాలో ఉండే ఆడవాళ్లకూ అని! బోర్డుమీదే రాసుకున్నారు. కులం లేని, గోషా లేని ఆడది, అంటే పొలంలో, రోడ్డుమీద, రేవులో పని చేసే మన ముత్తవ్వ, ఆ పేరులో లేదు. ఆమెకు చాటు అక్కర్లేదని ఎవరూ ప్రత్యేకంగా రాయలేదు. ఆమె ఎప్పుడూ నలుగురిలోనే ఉంటుంది గనక సిగ్గు ఉండదనే ఊహ అందులో ఉంది. అదే ఏడాది మొదలైన డఫరిన్ ఫండు కూడా పరదాలో ఉన్న ఆడవాళ్లకు ఆడ డాక్టర్లు కావాలనే వాదంతోనే చందాలు పోగుచేసింది.

అదే కాలంలో రెండో రకం లోపలి పరీక్ష కూడా ఈ దేశంలో నడిచింది. 1868 అంటువ్యాధుల చట్టం కింద వేశ్యలుగా పేరు రాయించిన ఆడవాళ్లను, తెల్ల సిపాయిలకు సుఖరోగాలు రాకుండా, బలవంతంగా పరీక్ష చేసేవారు. రోగముందంటే లాక్ హాస్పిటల్లో పెట్టి తాళం వేసేవారు. 1888లో ఆ చట్టం రద్దయింది. ఒక పక్క పరదా తొలగకుండా నాడి చూడడం ఎలాగా అని మథనపడిన ప్రభుత్వం, ఇంకో పక్క పోలీసును పంపి కాళ్లు విడదీయించింది. ఈ దేశంలో గైనిక్ పరీక్షకు ఇద్దరు తల్లులు: ఒకరు గోషా, రెండోవారు లాక్ హాస్పిటల్. మన అమ్మమ్మలు ఏ తల్లి వాకిట్లో నిలబడ్డారో చెప్పనక్కర్లేదు.

చేతిలో పట్టుకునే పనిముట్టు చరిత్ర కూడా ఇంతే. మన బోధనాస్పత్రుల్లో విద్యార్థులు పట్టుకోవడం నేర్చుకునే సిమ్స్ స్పెక్యులం, ఎడమపక్కకు తిరిగి పడుకోబెట్టే సిమ్స్ పొజిషన్, రెండూ జేమ్స్ మేరియన్ సిమ్స్ పేరు మీదివే. ఈయన అమెరికాలో అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో 1845 నుంచి నాలుగేళ్లు నల్ల బానిస స్త్రీలమీద మత్తు ఇవ్వకుండా ఆపరేషన్లు చేసి విద్య నేర్చాడు. ఆయన స్వయంగా రాసుకున్న పేర్లు మూడు: అనార్కా, లూసీ, బెట్సీ. అనార్కా ఒక్కదానికే ముప్పైసార్లు కోశాడు. స్పెక్యులం మొదట ఒక చెంచా కాడను వంచితే వచ్చింది. న్యూయార్కు సెంట్రల్ పార్కులో ఉన్న ఆయన విగ్రహాన్ని 2018లో తీసేశారు. పేరు మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ పనిముట్టు వద్దనడం మా ఉద్దేశం కాదు. అది ప్రాణాలు నిలబెడుతుంది. అయితే పనిముట్టు పేరు చెప్పే పాఠం అనార్కా పేరు కూడా చెప్పాలి. పేదల ఆస్పత్రిలో ఒక పిల్ల చుట్టూ ఆరుగురు విద్యార్థులు నిలబడి ‘చూపించమ్మా’ అంటున్నప్పుడు, ఎవరి ఒంటిమీద ఎవరు నేర్చుకుంటున్నారు అనే ప్రశ్న అమెరికాలో ఆగిపోలేదు.

ఇప్పుడు మూడో మాట, మా దృష్టిలో అన్నిటికంటే బరువైనది. ‘పెళ్లయిందా?’

విశాఖలో ఏ ఓ.పి.లోనైనా ఇది మొదటి ప్రశ్న. చీటీ రాసేచోటే, అందరూ వింటుండగానే.

‘ఏటమ్మా, పెళ్లయిందా?’

‘లేదండీ.’

‘మరి ఈ గదికెందుకొచ్చేవు?’

పక్కనున్న తల్లి కల్పించుకుంటుంది: ‘గుంటకి నెల సరిగా రాటం లేదండి, అంతేనండి.’ ఆ ‘అంతేనండి’లో ఎంత భయం! డాక్టరుకు నిజంగా తెలియవలసింది పెళ్లి సంగతి కాదు. లైంగిక సంబంధం ఉన్నదా లేదా, గర్భం వచ్చే వీలుందా అని. అది ఆ పిల్లను ఒంటరిగా, తలుపేసి, మెల్లగా అడగవలసిన మాట. దాని బదులు పెళ్లి అనే మాట వాడటంవల్ల వైద్యం కూడా తప్పుతుంది. పెళ్లికాని పిల్ల నిజం దాస్తుంది. పెళ్లయి మొగుడు వదిలేసిన మనిషిని ఏమనాలో వాళ్లకు తెలీదు. 1988లో చట్టం చేసి నిషేధించిన జోగినీ ఆచారంలో దేవుడికి కట్టబెట్టిన మాల మాదిగ ఆడపిల్ల ‘పెళ్లయిందా’ అంటే ఏం చెప్పాలి? అయిందనా, లేదనా?

అగ్రకులం పిల్ల ఈ ప్రశ్నకు సిగ్గుపడుతుంది. మన పిల్ల అనుమానానికి గురవుతుంది. దళిత స్త్రీ అందరికీ అందుబాటులో ఉండేదనే పాత కూత ఒకటి ఊరి పెత్తందారు నోటి నుంచి ఆస్పత్రి బల్ల దాకా నడిచొచ్చింది. కన్నెపొర చూసి కన్నెతనం తేల్చే రెండు వేళ్ల పరీక్ష అత్యాచార బాధితుల గౌరవానికి భంగమని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. వినకపోతే 2022లో మళ్లీ చెప్పి, అది చేసేవాళ్లు దుష్ప్రవర్తన కింద దోషులౌతారంది. కోర్టు కేసుల్లోనే ఆగడం ఇంత కష్టమైనది, రోజువారీ ఓ.పి.లో చూపుల్లో ఆగిపోతుందా?

ఈ ప్రశ్న వెనక ఇంకో సంగతి ఉంది – ఎవరి కార్డుమీద వచ్చావు అని. పోర్టు, స్టీల్ ప్లాంటు ఊరిది. 1933లో రేవు తెరిచారు. 1966 ఉద్యమంలో ప్రాణాలు పోయాక 1971లో ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన అయింది. భూములిచ్చిన ఊళ్లవాళ్లు అగనంపూడి, వడ్లపూడి వైపు కాలనీల్లో పడ్డారు. రిజర్వేషన్‌వల్ల మన నాన్నలు కొందరు రేవులో కళాసీలుగా, ప్లాంటులో ఖలాసీ, హెల్పరు పోస్టుల్లో చేరారు. ఆ ఉద్యోగంతో మెడికల్ బుక్కు వచ్చింది. గాజులు తాకట్టు పెట్టకుండా డాక్టరు ముఖం చూసిన మొదటి తరం అదే, చదువుకున్న మొదటి తరమూ అదే. మా ఇంట్లో ఓ.పి. చీటీ చదవగలిగిన మొదటి ఆడమనుషులం మేమే. అయితే బుక్కు నాన్న పేరున ఉంటుంది. ఇరవైరెండేళ్ల పిల్ల గైనిక్ ఓ.పి.కి పోవాలంటే నాన్నను బుక్కు అడగాలి, ఎందుకో చెప్పాలి, రాసిన మందులు ఆ బుక్కులోనే ఉంటాయి. నాన్న చదవలేకపోయినా పక్క క్వార్టరు వాళ్లు చదివిపెడతారు! కాంట్రాక్టు కూలీ కూతురికి ఆ బుక్కు కూడా లేదు. ఇ.ఎస్.ఐ. కార్డు ఉంటే ఉంటుంది, కాంట్రాక్టరు మారితే ఎప్పుడు ఆగిపోతుందో తెలీదు. 2021 జనవరిలో కేంద్రం ప్లాంటులో నూరుశాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు కూర్మన్నపాలెం దగ్గర శిబిరాల్లో కూచున్న ఆడవాళ్లు ఉద్యోగాల గురించే మాట్లాడారనుకుంటే పొరపాటు. వాళ్లకు ఆస్పత్రి కూడా అందులో ఒక భాగం. సలహాల కరపత్రం రాసేవాళ్ల ఊహలో మాత్రం ప్రతి పిల్లా పర్సు తీసుకుని, ఆటో ఎక్కి, ఫీజు కట్టి లోపలికెళ్తుంది.

ఒప్పుకోలు గురించి రెండు సంగతులు చెప్పి ముందుకు పోతాం. 1995లో 44 ఏళ్ల ఒక అవివాహిత ఢిల్లీలో ఒక క్లినిక్కుకు కడుపులోకి కెమెరా వేసి చూసే పరీక్ష కోసం వెళ్లింది. ఆమె మత్తులో ఉండగా బయట కూచున్న తల్లిచేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. సమీరా కోహ్లీ కేసుగా అది సుప్రీంకోర్టుకు వెళ్లింది. పరీక్షకు ఇచ్చిన ఒప్పుకోలు ఆపరేషన్‌కు ఒప్పుకోలు కాదనీ, వయసొచ్చిన మనిషి తరఫున తల్లి సంతకం చెల్లదనీ 2008లో తీర్పు వచ్చింది. చదువూ డబ్బూ ఉన్న రాజధాని స్త్రీ సంగతి ఇది. మన సంగతి ఖమ్మం చెబుతుంది. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి, ఎక్కువమంది ఆదివాసీలు, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండా అంటూ హెచ్.పి.వి. టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. పిల్లలు చనిపోయారనే వార్తలతో 2010 ఏప్రిల్లో ఆపేశారు. చావులకు టీకా కారణమయ్యే అవకాశం తక్కువని విచారణ సంఘం తేల్చింది. కాని చూసిన 9,543 ఒప్పుకోలు పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లదే! 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పు పట్టింది. టీకా మంచిదే, ఇప్పుడు ప్రపంచమంతా వేస్తున్నది, మన పిల్లలకూ అందాలి. కాని ఆశ్రమ పాఠశాల పిల్ల ఒంటికి వార్డెన్ యజమాని ఎలా అయ్యాడు?

ఈ రాతలకు బదులుగా స్త్రీవాదులు చేసిన పనిని తక్కువ చెయ్యకూడదు. 1991లో హైదరాబాదు నుంచి వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ ఆడవాళ్ల ఆరోగ్యం గురించి తెలుగులో ధైర్యంగా మాట్లాడిన పుస్తకం. అమెరికాలో 70వ దశకంలో వచ్చిన ‘అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్’ తరవాత ప్రపంచమంతటా లేచిన గాలిలో భాగమది. డాక్టరు దేవుడు కాదని మొదట చెప్పింది వాళ్లే. హాస్టల్లో దాన్ని అట్టలు ఊడిపోయేదాకా చదివాం. అయితే ‘మన శరీరం మనది’ అనే మాటలోని ‘మన’ గురించి మాకు పేచీ ఉంది. మొగుడి నుంచి, అత్తగారి నుంచి, డాక్టరు నుంచి శరీరాన్ని వెనక్కి తెచ్చుకోవాలని వాళ్లు పోరాడారు. మన ఒళ్లు వీళ్లకంటే ముందు ఊరికి తాకట్టు పడింది. దొర పొలానికీ, ఊడ్చే వీధికీ, కాంట్రాక్టరుకీ. ఇంట్లో బందీ అయిన శరీరం గురించి రాసిన మాటలు, వీధిలో అందరి కళ్లకూ అప్పగించిన శరీరానికి సగమే సరిపోతాయి. ఆ మిగతా సగం రాయవలసింది వాళ్లు కాదు, మనం.

రాస్తే ఏం రాస్తాం? మొట్టమొదట, ఈ పరీక్ష అసలు కావాలా అనే ప్రశ్న. ఏ బాధా లేని ఆడవాళ్లకు రొటీన్‌గా చేసే లోపలి పరీక్షవల్ల లాభం కనపడలేదు, మానెయ్యండని అమెరికా ఫిజీషియన్ల కాలేజీ 2014లోనే చెప్పింది. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ కోసం చూడడం మన దేశంలో 30 ఏళ్లకు మొదలవుతుంది. 2016 ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం వెనిగర్ లాంటి ద్రావకం రాసి చూసే పరీక్ష అయిదేళ్లకొకసారి. నిజానికి అక్కడ మన అమ్మలు ఉండాలి. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆ వయసు ఆడవాళ్లలో దేశం మొత్తంమీద నూటికి ఇద్దరు కూడా ఆ పరీక్ష చేయించుకోలేదు. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 9 శాతానికి గర్భసంచి తీసేసి ఉన్నది, దేశం సగటు 3 శాతం చిల్లర. చూడడానికి లేని ఓపిక కొయ్యడానికి ఎక్కడినుంచి వచ్చింది? అగనంపూడిలో టాటావాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ముందే చూస్తే దాని గుమ్మం ఎక్కవలసిన అవసరం చాలామందికి ఉండదు.

ఇరవైఏళ్ల పిల్ల నెల రాకో, ఎక్కువ నెత్తురు పోయో వెళ్తే చాలాసార్లు సరిపోయేవి మాటలు, కనురెప్ప కింద రంగు, రక్తపరీక్ష, పొట్టమీంచి స్కానింగు. రాష్ట్రంలో నూటికి దాదాపు 59 మంది ఆడవాళ్లకు రక్తహీనత ఉందని అదే సర్వే చెబుతున్నప్పుడు, పరీక్ష కనురెప్ప దగ్గర మొదలవ్వాలి. స్కానింగుకు నీళ్లు తాగి ఒంటేలు ఆపుకోవాలి, లోపలి పరీక్షకైతే ముందు పోసుకుని రావాలి. ఈ తేడా ముందే చెప్పకపోవడంవల్ల ఒకరోజు కూలీ పోయి మళ్లీ రేపు రావలసి వస్తుంది. లైంగిక సంబంధం లేని పిల్లకు లోపలి పరీక్ష సాధారణంగా చెయ్యరు. తప్పదంటే ఎందుకో చెప్పాలి, చిన్న స్పెక్యులం అడగవచ్చు. నొప్పి పుడితే ఆపమనవచ్చు, ఆపి తీరాలి. మగ డాక్టరైతే పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలి. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఈ మాట ఉంది. విద్యార్థులను బయటకు పంపమనవచ్చు. వైద్యం మానేస్తామని వాళ్లు అనకూడదు. ముప్పై దాటినవాళ్లు హెచ్.పి.వి. పరీక్షకు నమూనా తామే తీసుకునే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. బల్లా లేదు, స్పెక్యులమూ లేదు. ఇలాంటిది మన పేటలకు ముందు రావాలని అడగాలి.

చివరి నెల తేదీ, వాడే మందులు, బాధ ఎప్పట్నుంచి – ఒక చిన్న కాగితంమీద రాసుకెళ్లాలి. బల్లమీద పడుకున్నాక నోరు పెగలదు గనక ప్రశ్నలు కూడా దానిమీదే రాసుకోవాలి. చున్నీ అయినా చిన్న దుప్పటయినా ఒకటి పట్టుకెళ్లాలి; వాళ్లివ్వకపోతే మనదే కప్పుకుంటాం. తోడుకు అమ్మే రానక్కర్లేదు, గదిలో స్నేహితురాలు రావచ్చు. ఆమెను తలుపు బయటే ఉండమనాలా లోపలికి రమ్మనాలా అనేది పరీక్షకెళ్లే పిల్ల చెప్పాలి.

ఇలాంటి కాగితం అచ్చువేసి హాస్టళ్లలో పంచితే చాలదు. ఓ.పి. తలుపు దగ్గర నిలబడి ‘శుభ్రంగా రావాల’ని పిల్లల్ని గదమాయించే ఆయమ్మ కూడా దాన్ని చదవాలి, చదవలేకపోతే మనం చదివి వినిపించాలి. చాలాచోట్ల ఆమె మనవాళ్ల మనిషే, కాంట్రాక్టు జీతంమీద. పొద్దున్నే వచ్చి ఆ బల్ల తుడిచేది ఆమే. ఆమె ఆ బల్లమీద ఎప్పుడైనా పడుకుందా, ఆమెకు ముప్పై దాటి ఎన్నేళ్లయింది అని ఇంతవరకు మనలో ఎవరైనా అడిగామా?